మన మీద చదువు మన కాలేజీలోనే జరగాలి



హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల గల్లీకి పోయి చూడండి. జిరాక్స్ షాపుల్లో ఆంత్రోపాలజీ నోట్సు కట్టలు కట్టి ఉంటయి. సివిల్స్‌లో అది ఆప్షనల్ సబ్జెక్టు. అందులో చెంచులు కూడా ఉంటరు. నల్లమల తెగ, వేట, సేకరణ, పీవీటీజీ అని నాలుగు లైన్లు. ఎక్కడెక్కడి పిల్లలో అవి బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటరు. వాళ్లను తప్పు పట్టడం లేదు. కానీ అచ్చంపేటలో డిగ్రీ చేరే మన చెంచు చెల్లె ఏం తీసుకుంటది? హెచ్‌ఈపీనో, బీకామో. తన తాత బతుకు కూడా ఒక సబ్జెక్టు అని ఆమెకు చెప్పినవాళ్లు ఎవరు?

నా మాట ఒక్కటే. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాల పిల్లల కోసం ఒక్క ప్రభుత్వ డిగ్రీ కాలేజీలోనన్నా ఆంత్రోపాలజీ, అంటే మానవ శాస్త్రం, సరిగ్గా నడవాలి. అచ్చంపేట అయితే అడవికి దగ్గర. దీనికి కోట్ల భవనం అక్కర్లేదు. ఒక మనిషి, ఒక బండి, ఒక బీరువా కావాలి. ఈ మూడూ లేకుండా బోర్డు మాత్రమే పెడితే మనకు వద్దు.

మనలో కొందరు వెంటనే అడుగుతరు: "అది మన ముక్కులు కొలిచిన శాస్త్రం కదన్నా?" నిజమే. మద్రాస్ మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలిచి, 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చిండు. తర్వాత 1940లో హైమెండార్ఫ్ అమ్రాబాద్ గుట్టల్లోకి వచ్చిండు. చెంచుల నడుమ తిరిగి రాసిన పుస్తకం 1943లో లండన్‌లో అచ్చయింది. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు ఇప్పటికీ లండన్‌లోని సోయాస్ ఆర్కైవ్‌లోనే ఉన్నయి. మన ముత్తాతల మొఖాలు లండన్ లెక్కలో ఉన్నయన్నమాట.

అయితే ఇంకో సంగతి కూడా చూడాలి. అదే హైమెండార్ఫ్ రాతల వల్ల నిజాం సర్కారు 1942లో అమ్రాబాద్‌లో సుమారు లక్ష ఎకరాలను చెంచు రిజర్వుగా పెట్టింది. ఆదిలాబాద్ వైపు మార్లవాయిలో 1943లో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ మొదలైంది, గోండిలో వాచకాలు అచ్చయినయి. అంటే రాతకు బలం ఉంది. ఆ కలం ఎవరి చేతిలో ఉంది అన్నదే మన పంచాయితీ.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. 2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(1)(ఇ) పీవీటీజీలకు ఆవాస ప్రాంతం మీద హక్కు ఇచ్చింది. ఇది గుడిసె పట్టానో, రెండెకరాల పట్టానో కాదు. తేనె తీసే కొండ, గడ్డలు తవ్వే చోటు, దేవుడి తావు, తిరిగే దారి అన్నీ కలిపిన హక్కు. మధ్యప్రదేశ్ డిండోరి జిల్లాలో బైగాలు ఈ హక్కు సాధించుకున్నరు. మరి సాక్ష్యం ఏం పెట్టాలి? రూల్ 13 చదవండి. పెద్దమనుషుల వాంగ్మూలం రాతపూర్వకంగా ఉండాలంటది. వంశవృక్షం చెల్లుతదంటది. పాత బావులు, బొందలగడ్డలు, పవిత్ర స్థలాలు చెల్లుతయంటది. ఆంత్రోపాలజికల్ సర్వే లాంటి పేరున్న సంస్థలు ఆచారాల మీద చేసిన అధ్యయనాలు చెల్లుతయంటది.

ఇంకోసారి చూడండి. వంశవృక్షం గీయడం, పెద్దల మాట రాసుకోవడం, తావుల మ్యాపు వేయడం, ఆచారం రికార్డు చేయడం. ఇవన్నీ ఆంత్రోపాలజీ డిగ్రీలో నేర్పే పనులే! గ్రామసభకు అవసరమైన పని, కాలేజీ ప్రాక్టికల్ ఒకటే అయితయి. 2019లో యురేనియం మీద అందరం కొట్లాడినం, ఆ సెప్టెంబర్‌లో అసెంబ్లీ తీర్మానం కూడా అయింది. రేపు అలాంటి ఫైలు మళ్లీ కదిలితే, ఏ పెంట ఏ వాగు మీద బతుకుతున్నదో చూపే మన సొంత రికార్డు మన చేతిలో ఉండాలి.

క్లాసులో ఏం చెప్తరు అంటరా? ఒక్క ఉదాహరణ చాలు. చెంచు మనిషి కొండ అంచు నుంచి తాడు మీద దిగి తేనె తీస్తడు. పైన ఆ తాడు ఎవరు పట్టుకుంటరు? బామ్మర్ది. తన అక్క తాళి తెగనియ్యడు గనుక. బంధుత్వం అనే పాఠం మొత్తం ఆ తాడులో ఉంది. మన పిల్లలు ఈ పాఠాన్ని ఇంటి నుంచే తెచ్చుకుంటరు. లెక్చరర్ దానికి పద్ధతి నేర్పాలి, అంతే.

ఇది చెంచుల సబ్జెక్టు మాత్రమే అనుకోవద్దు. గద్వాల మగ్గాల ఇళ్లు, శ్రీశైలం ప్రాజెక్టు కింద 1981లో ఖాళీ చేయించిన కృష్ణ ఒడ్డు ఊళ్లు, తండాలు, ఎరుకల గూడేలు, పాలమూరు లేబర్ పేరుతో దేశమంతా తిరిగిన మన తల్లిదండ్రుల వలస. ఇవన్నీ ఇందులోకే వస్తయి.

ఇక ఖర్చు సంగతి.

మొదట మనిషి. పీరియడ్ లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్‌తో ఈ సబ్జెక్టు నడవదు. ఆ లెక్చరర్ మంచోడు కాదని కాదు. పెంటకు పోతే మనుషులు నమ్మడానికే రెండేళ్లు పడుతది, ఆయన కొలువు వచ్చే జూన్‌కు ఉంటదో లేదో తెలియదు. సోషియాలజీ సారుకు అదనంగా అంటగడితే అదీ అక్కరకు రాదు. రెగ్యులర్ పోస్టు ఒకటి కావాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతి ఎస్వీయూలలో ఆంత్రోపాలజీ చదువుకున్నోళ్లు ఉన్నరు. ఆ పోస్టుకు తోడు పెంటల పెద్దలను కూడా టీచర్లుగా పిలవాలి, వచ్చిన ప్రతి రోజుకూ గౌరవ వేతనం ఇయ్యాలి. చాయ్ తాపి పంపుడు కాదు.

రెండోది బండి. ఫీల్డ్‌వర్క్ లేని ఆంత్రోపాలజీ నీళ్లు లేని ఈత. అప్పాపూర్, రాంపూర్ లాంటి లోపలి పెంటలకు పోవాలంటే ఫారెస్ట్ పర్మిషన్ కావాలి, చెక్‌పోస్టు దాటాలి, జీపు కావాలి. ఆడపిల్లలు వస్తే తోడుగా మహిళా స్టాఫ్ కావాలి. కూలికి పోతే వచ్చే పైసలు వదులుకొని వచ్చే పిల్లలకు స్టైపెండ్ కావాలి. ఇవి కాలేజీ బడ్జెట్‌లో "ఫీల్డ్‌వర్క్" అని విడిగా, పేరు పెట్టి ఉండాలి. "ఇతర ఖర్చులు" అంటే ఎక్కడికి పోతదో మనకు తెలుసు. సెమిస్టర్ టైమ్‌టేబుల్ కూడా తేనె సీజన్‌ను, జాతరను చూసి పెట్టాలి.

మూడోది బీరువా. నవ్వకండి, మూడింట్లో ముఖ్యమైంది ఇదే. రికార్డు చేసిన పాట, మాట, మ్యాపు ఎక్కడ ఉంటది? సారు ఫోన్‌లో ఉంటే ట్రాన్స్‌ఫర్‌తో పాటే పోతది. కాలేజీలో తాళం ఉన్న ఒక గది, ఒక కంప్యూటర్, రెండు హార్డ్‌డిస్కులు కావాలి. గ్రామసభ ఒప్పుకున్నాకే రికార్డు చేయాలి. ఒక కాపీ పెంటకు తిరిగి పోవాలి, అది కూడా తెలుగులో. తేనె కొండల జాడ, దేవుడి తావుల గుట్టు లాంటివి ఎవరికి చూపాలో, ఎవరికి చూపొద్దో పెంటోళ్లే చెప్పాలి.

పైసలు లేవంటే నమ్మకండి. 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. మన్ననూర్‌లో ఐటీడీఏ ఉంది. 2023లో కేంద్రం పీవీటీజీల కోసం పీఎం జన్‌మన్ అని 24 వేల కోట్ల పథకం ప్రకటించింది. రోడ్లు, ఇళ్లు కావాలి, కాదనం. దాంట్లో ఒక జీపు కిరాయి ఎంత? 1963 నుంచి నడుస్తున్న గిరిజన సాంస్కృతిక పరిశోధన సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది, దానితో ఒప్పందం చేసుకోవచ్చు. సర్కారు అనుకున్నప్పుడు వనపర్తి రాజభవనంలోనే పాలిటెక్నిక్ నడిచింది. మనకు ప్యాలెస్ వద్దు, గది చాలు. జడ్చర్ల ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఆవరణలో బొటానికల్ గార్డెన్ లేచింది. చిన్న ఊరి సర్కారు కాలేజీ పెద్ద పని చేయగలదు అనడానికి మన పాలమూరులోనే రుజువు ఉంది.

"అడ్మిషన్లు రాకపోతే కోర్సు ఎత్తేస్తరు" అంటరు. ఆ భయం నిజమైందే. అందుకే మొదటి ఏడే పూర్తి బీఏ గ్రూపు అడగొద్దు. ముందు ఒక ఎలక్టివ్ పేపరు, ఒక సర్టిఫికెట్ కోర్సు పెట్టించాలి. గ్రామసభకు పనికొచ్చే రికార్డు రెండు మూడు పెంటల్లో తయారయితే పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తరు. ఉద్యోగం ఏమొస్తది అని అమ్మానాన్న అడుగుతరు, అడగాలి కూడా. అందరికీ కొలువు వస్తదని నేను చెప్పను. ఏ డిగ్రీ అయినా ఆ హామీ ఇయ్యదు. కానీ సివిల్స్ ఆప్షనల్, ఐటీడీఏ, మ్యూజియంలు, పరిశోధన సంస్థల్లో ఈ చదువుకు విలువ ఉంది. మన భాష, మన అడవి తెలిసిన పిల్లకు అక్కడ ఒక అడుగు ముందే ఉంటది.

అమెరికాలో ఆదివాసులకూ ఇదే బాధ ఉండేది. ఎండాకాలం రాగానే ఊళ్ల మీద పడే ఆంత్రోపాలజిస్టులను వైన్ డెలోరియా 1969లో తన పుస్తకంలో ఉతికి ఆరేసిండు. అంతకు ఏడాది ముందే, 1968లో, నవాహో జనం తమ సొంత కమ్యూనిటీ కాలేజీ పెట్టుకున్నరు. ఇంటికి దగ్గరగా, తక్కువ ఫీజుతో, తమ భాష, తమ చరిత్ర పాఠంగా ఉండే కాలేజీ. పదేళ్లకు, 1978లో, అలాంటి కాలేజీలకు నిధులిచ్చే చట్టం వచ్చింది. కాలేజీ ముందు, చట్టం తర్వాత. ఇది గుర్తు పెట్టుకోండి.

కాబట్టి ఈ వారం ఒక్క పని చేయండి. మీ కాలేజీ ప్రిన్సిపాల్‌కు అర్జీ రాయండి. ఒక కాపీ మన్ననూర్ ఐటీడీఏ పీఓకు, ఒక కాపీ పాలమూరు యూనివర్సిటీకి పంపండి. అందులో మూడే మూడు అడగండి: రెగ్యులర్ పోస్టు, ఫీల్డ్‌వర్క్ నిధి, గ్రామసభ మాట చెల్లే ఆర్కైవ్ గది. జవాబు రాకపోతే మళ్లీ రాయండి. ఆ లోపు ఇంట్లో తాత, నాయనమ్మ ఉంటే పక్కన కూర్చొని, వాళ్లను అడిగి, ఇంటిపేరు నుంచి మొదలుపెట్టి వంశవృక్షం ఒకటి గీయండి. అది మీ మొదటి ప్రాక్టికల్. రేపు గ్రామసభలో అదే మీ మొదటి సాక్ష్యం.

జై ఆదివాసీ!