ఎత్తు కాదు, పట్టు చూడండి

"పొట్టిదానివి, ఆ గునపం నీకెందుకమ్మా?" మందసలో కొబ్బరి మొక్కకి గొయ్యి తవ్వబోతే నాకు దక్కిన సలహా ఇది. అప్పుడు మా అబ్బాయి ఆడే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' గుర్తొచ్చింది. 1974లో అమెరికాలో పుట్టిన ఆట అది. 2014 నియమాల ప్రకారం అందులో పొట్టి జాతివాళ్లు బరువైన ఆయుధం పడితే దెబ్బ తగిలే అవకాశం తగ్గిపోయేది. 2024లో దాన్ని మార్చారు. ఇప్పుడు ఎత్తు అడగరు. ఆయుధాన్నిబట్టి బలమో, చురుకుదనమో ఉంటే చాలు.

ఆటలోపాటి న్యాయం బతుకులో వద్దా? పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతుల్ని పెంకులోని నూనె కాల్చేస్తుంది. వాళ్ల వేళ్లకి వదులైపోయే తొడుగులిచ్చి, "ఇస్తే వేసుకోరండీ" అంటే తప్పెవరిది? పనిముట్టుతో మనిషిని కొలవకండి. మనిషిని కొలిచి పనిముట్టు చేయించండి. ఆ గొయ్యి మాత్రం నేనే తవ్వాను, చిన్న గునపంతో!