బండ్లు కదలకముందే

కోసిగి, కౌతాళం మండలాల పక్కనే తుంగభద్ర పారుతోంది. అయినా కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో చాలా మెట్ట చేలకు వానే దిక్కు. పంట చేతికి రాకపోతే గుంటూరు వైపు మిరప కోతలే గతి. బియ్యం మూట, బిందెలు, దుప్పట్లు బండికెక్కుతాయి. వాటితోపాటు బడి పిల్లలూ. రోజంతా కాయలు కోసిన వేళ్లు రాత్రి అన్నం కలుపుకుంటుంటే భగ్గుమంటాయి. ఆ మంట తమ పిల్లలకు తప్పాలన్నదే తల్లుల ఆశ, అదేం గొంతెమ్మ కోరిక కాదు.

వలస పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెట్టే ఏర్పాటు సమగ్ర శిక్ష పథకంలోనే ఉంది. ఊరు ఖాళీ అయ్యాక తెరిస్తే ఎవరికి? దసరాకే తలుపులు తీయాలి. అవ్వాతాతల దగ్గర మిగిలే ఆడపిల్లలకు ముందుగా చోటివ్వాలి. తల్లిదండ్రుల వెంట వెళ్లినవారిని కోతల ఊళ్లోని బడి టీసీ అడగకుండా చేర్చుకోవాలి.