ఓడినా మన టీమే



"ఆ తెలుగు టైటాన్స్‌ను ఇంకా పట్టుకొని వేలాడేదేంది, గెలిచే టీము ఏదో ఒకటి చూసుకోరాదా" అని మనలో చాలామంది అంటాంటారు. అనేదాంట్లో తప్పేం లేదు. ప్రో కబడ్డీ 2014లో మొదలైంది. ఇప్పటికి 12 సీజన్లు అయిపోయినాయి. పాట్నావాళ్లు మూడు కప్పులు కొట్టినారు. మనోళ్లు కప్పు సంగతి దేవుడెరుగు, ఒక్క ఫైనల్ కూడా ఆడలేదు. ఎనిమిదో సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడి ఒకటి గెలిచినారు. తొమ్మిదిలో రెండు. పదిలో పవన్ సెహ్రావత్‌ను రెండున్నర కోట్ల పైన పెట్టి తెచ్చుకున్నా మళ్లా రెండే.

అయినా చూసినోళ్లు చూస్తానే ఉండారు. ఎందుకు చూడాలో నాకు తోచింది చెప్తాను.

మనం ధర లేకపోతే శనగ మానుకొని జొన్న వేస్తాం. చేను మాత్రం వదలం. టీము కూడా అంతే. ఆటగాళ్లు పైరు లాంటోళ్లు. రాహుల్ చౌదరి పోయినాడు, సిద్ధార్థ్ దేశాయ్ వచ్చి పోయినాడు, పవన్ కూడా వచ్చి పోయినాడు. ప్రతి వేలానికీ పైరు మారుతుంది. చేను మనదే. ఒక కారు పండలేదని గట్టు దిగి పక్కోడి చేన్లో నిలబడి "ఈ పంట నాది" అంటే ఊర్లో నవ్వరా?

పదకొండో సీజన్‌లో 12 మ్యాచ్‌లు గెలిచి కూడా ప్లేఆఫ్స్ తప్పిపోయినాయి. పోయిన 2025 సీజన్‌లో ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద పుణె చేతిలో ఓడినారు. ఆ రోజు మనసు కలుక్కుమన్నది ఎవరికి? చెడ్డ ఏండ్లలో కూడా చూసినోళ్లకే. మంచి రోజు రుచి వాళ్లకే తెలుస్తుంది.

"వాళ్లది వ్యాపారం, పేరున్న రైడర్లంతా బయట రాష్ట్రాలోళ్లు, మనది ఎట్లా అయితాది?" అంటారు. నిజమే, వ్యాపారమే. కానీ పేరు ముందర "తెలుగు" అని పెట్టుకున్నారు కదా. ఆ పేరు మీద మనకు అడిగే హక్కు ఉండాది. సొంత గడ్డ మీద మ్యాచ్‌లంటే హైదరాబాదు, లేదంటే విశాఖ. ఆళ్లగడ్డ నుంచి విశాఖకు పోవాలంటే రాత్రంతా ప్రయాణం. కర్నూల్లోనో తిరుపతిలోనో నాలుగు మ్యాచ్‌లు పెడితే ఏం పోయింది? అదీ కుదరకపోతే నంద్యాలలో ఒకరోజు మన పిల్లోళ్ల ఆట చూసి పొమ్మనండి. క్రికెట్టులోనూ మన గతి ఇంతే. ఐపీఎల్‌లో ఆంధ్రకంటూ టీము లేదు, హైదరాబాదునే మనది అనుకొని చూస్తాండాం. చిన్న ఊరోళ్ల అభిమానం ఖర్చు లేకుండా దొరుకుతుందని అందరికీ అలుసు. నోరు మూసుకొని ఉండేది విశ్వాసం కాదు. నిలబడాల, అడగాల.

ఇంకొక మాట. ఇది పిల్లోళ్లకు గట్టిగా చెప్పేది. ఫోన్లో పందెం కాసేవాడికి టీము ఉండదు. ఈ రేతిరి టైటాన్స్, రేపు పాట్నా. ఎవడు గెలిస్తే వాడే నావాడు అంటాడు. డబ్బు పోయిన రోజు ఆటగాణ్ని "అమ్ముడుపోయినాడు" అని బూతులు తిడతాడు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పందేలను 2020లోనే నిషేధించినారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. అయినా దొంగదారిన యాప్‌లు వస్తానే ఉంటాయి. పంట డబ్బు ఇంట్లోకి వచ్చే నెలల్లో మీ ఇంట్లో ఫోన్ల మీద కన్నేసి పెట్టండి. అప్పుల కాడికి వచ్చినాక తెలిసి లాభం లేదు. ఓడిన టీము మళ్లా ఏడు ఆడుతుంది. పందెంలో పోయిన చేను తిరిగి రాదు.

ఇక మన చేతిలో ఉండే పని ఒకటుంది. మన బళ్లల్లో చెడుగుడు ఆడే పిల్లోళ్లు ఇంకా ఉండారు. నల్లరేగడి ఎండకు పగిలితే కాళ్లు ఇరుక్కుంటాయి, వానొస్తే జిగట. ఊరికి రెండు ట్రాక్టర్ల ఎర్రమన్ను తోలి, చదును చేసి, గీతలు గీస్తే కోర్టు అయిపోతుంది. పెద్ద పోటీలన్నీ ఇప్పుడు మ్యాటు మీద. మట్టిలో ఆడినోడు మ్యాటు మీద బూట్లేసుకొని దిగితే మొదట జారుతాడు. అందుకని నాలుగైదు ఊర్లు కలిసి ఒక మ్యాటు కొనుక్కుంటే, పోటీకి పోయే ముందు మన పిల్లోళ్లకు అలవాటు అయితాది. బండలాగుడుకు చందాలు వేసుకునే ఊర్లు మనవి. దీనికి మాత్రం చెయ్యి రాదా?

తెలుగు టైటాన్స్‌లో నంద్యాల పిల్లోడు కూత పెట్టే రోజు రావాలంటే మన గట్టు మీద నుంచే మొదలు కావాల. మీ ఊర్లో కోర్టుకు జాగా ఉంటే కింద రాయండి. మన్ను తోలే కాడికి నా ట్రాక్టరు వస్తుంది, డీజిల్ ఊరోళ్లు పోసుకోండి.