గుజ్జు అతుకు ఎవరికి?

‘మోకాలి గుజ్జు అరిగిపోయింది’ అన్న మాట వినని ఇల్లు ఇప్పుడు అరుదు. ఆ వెంటే ‘కొత్త గుజ్జు పెడతారట కదా’ అన్న ఆశా వినిపిస్తోంది. పెడతారు, నిజమే. కానీ అందరికీ కాదు.

మనం గుజ్జు అంటున్నది ఎముకల చివర నున్నటి పొరలా ఉండే మృదులాస్థిని. దానికి రక్తనాళాలు లేవు. అందుకే చర్మం మీది గాయంలా అది మానదు. ఒకసారి పాడైతే తిరిగి బాగుపడదని విలియం హంటర్ 1743లోనే రాశారు. ఇప్పుడు వైద్యులు అతుకు వేస్తున్నారు. అదే మోకాలిలో బరువు అంతగా పడని చోటు నుంచి ఎముకతో సహా చిన్న చిన్న ముక్కలు తీసి, గుంట పడిన చోట బిగిస్తారు. గుంట పెద్దదైతే మరణించిన దాత కణజాలం వాడతారు. స్వీడన్ వైద్యులైతే రోగి కణాలనే ల్యాబులో పెంచి అమర్చారు. 1994లో వెలువడిన ఆ ఫలితాలు ఇప్పటికీ చదవదగ్గవి. తొడ ఎముక చివర చేయించుకున్న 16 మందిలో 14 మందికి బాగుంది. మోకాలి చిప్ప వెనక చేయించుకున్న ఏడుగురిలో ఇద్దరికే. ఒకే కీలు, చోటు మారిందంతే!

ఇదంతా చుట్టూ మృదులాస్థి బాగుండి, ఒకచోట మాత్రమే దెబ్బతిన్న వారికి. అంటే ఎక్కువగా ఆటల్లోనో, బైకు మీంచి పడో మోకాలు దెబ్బతిన్న యువతకు. కీలంతా అరిగిన అమ్మమ్మకు అతుకు నిలవదు. ఆమెకు బరువు తగ్గడం, తొడ కండరాల వ్యాయామాలు, మరీ అవసరమైతే కీలు మార్పిడి. మూలకణాలతో గుజ్జు పెంచుతామనే ప్రకటనలు మాత్రం ఆమెనే వెతుక్కుంటూ వస్తున్నాయి. మూలకణ చికిత్సను కొన్ని రక్త సంబంధ వ్యాధుల్లో తప్ప పరిశోధనగానే చూడాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పరిశోధనలో పాల్గొనే వారి దగ్గర లక్షలు వసూలు చేయడం ఏం న్యాయం?

అటు, నిజంగా అవసరమైన కుర్రాడికి తైలం రాసి, క్రేప్ బ్యాండేజీ చుట్టి ‘అదే తగ్గుతుందిలే’ అంటున్నాం. వాపు మళ్లీ మళ్లీ వస్తున్నా, నడుస్తుంటే మోకాలు పట్టేస్తున్నా ఆలస్యం చేయొద్దు. అతుకు వేశాక కొన్ని వారాలు చేతికర్రలు తప్పవు, ఆటకు దాదాపు ఏడాది పడుతుంది. కాబట్టి పరీక్షలు, ఉద్యోగం చూసుకునే తేదీ పెట్టుకోవాలి. ఒప్పుకొనే ముందు డాక్టరును అడగండి: గుంట ఎంత పెద్దది, ఎక్కడుంది? లిగమెంట్లు గట్టిగా ఉన్నాయా? కాలు వంకర ఉంటే ముందు దాన్ని సరిచేస్తారా?