మూడు లింగాలతో తెలుగు పుట్టలేదు

శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామం: ఈ మూడు శైవక్షేత్రాలు హద్దులుగా ఉన్న నేల త్రిలింగదేశమట, ఆ త్రిలింగమే జనం నోట అరిగి తెలుగు అయిందట. బడిలో చెబుతాం, భాషా దినోత్సవ సభల్లో చెబుతాం. వినసొంపుగా ఉంటుంది, ఇట్టే గుర్తుండిపోతుంది. చిక్కల్లా, అది నిలిచే మాట కాదు.

అసలు ఈ మాట ఎక్కడిది? మూడు క్షేత్రాలనూ పేరుపేరునా చెప్పి దేశానికి త్రిలింగ నామం కట్టబెట్టినవాడు విద్యానాథుడు. కాకతీయ ప్రతాపరుద్రుడి (1289–1323) ఆస్థానకవి. ఆయన ప్రతాపరుద్రీయం అలంకారశాస్త్ర గ్రంథం. అందులో లక్షణాలకు ఉదాహరణలన్నీ రాజును పొగిడే శ్లోకాలే. కృష్ణ ఒడ్డున ఒకటి, గోదావరి ఒడ్డున ఒకటి, తూర్పు తీరాన ఒకటి చూపించి, ముగ్గురు దేవుళ్లూ నీ రాజ్యానికే కాపు అనడం కొలువులో ఉన్న కవికి తగిన పనే. ఆయన రాజుకు స్తోత్రం చదివితే, మనం దాన్ని భాషాశాస్త్రం చేసి కూర్చున్నాం. అంతకు రెండున్నర శతాబ్దాల ముందే, రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ తాను రాస్తున్నది తెనుగని చెప్పాడు. అక్కడ లింగాల ఊసే లేదు.

పోనీ, పటం తీసి ఆ మూడు చోట్లా చుక్కలు పెట్టి గీతలు కలపండి. హైదరాబాదు, కరీంనగర్, కర్నూలు, నెల్లూరు, తిరుపతి, విశాఖ అన్నీ గీత బయటే. ప్రతాపరుద్రుడి రాజధాని ఓరుగల్లు సైతం సరిగ్గా అంచు మీద పడుతుంది. శివుడే కొలబద్ద అనుకుంటే శ్రీకాళహస్తి, శ్రీముఖలింగం, వేములవాడ ఏం పాపం చేశాయి? ద్రాక్షారామం ఉన్న పంచారామాలే ఐదు. పైగా కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు అని రెండు లింగాలున్నాయి. లెక్క మూడు దగ్గర ఎలా ఆగింది?

త్రిలింగ శబ్దం విద్యానాథుడి కన్నా పాతదే కదా, రెండో శతాబ్దిలో టాలెమీయే త్రిలింగం పేరు చెప్పాడు కదా అంటారు. చెప్పాడు, కానీ ఆ పట్టణాన్ని గంగకు ఆవల పెట్టాడు. అది మనకు పనికొచ్చే సాక్ష్యం కాదు. ఇంకొందరు తూర్పు గాంగుల త్రికళింగాధిపతి బిరుదు తెచ్చి, త్రికళింగమే తెలింగమైందంటారు. అంకె మూడే, కథ మారింది.

దేశిపేరుకు సంస్కృత వేషం వేయడం మన పండితులకు కొత్త కాదు. ఓరుగల్లును ఏకశిలానగరం చేశారు. అక్కడ ఏది ముందు, ఏది వెనక అన్న అనుమానం ఎవరికీ లేదు. తెలుంగు అన్న పేరు వినబడితే దానికి దగ్గరగా త్రిలింగ అని ఒక అందమైన సంస్కృత రూపం కల్పించడం కూడా ఆ కోవలోదే. ఇక తెలుగు, తెనుగు అనే జోడీకి సంస్కృతం సాయం అక్కర్లేదు. ఒక ఇంట్లో మునక్కాడ, పక్కింట్లో ములక్కాడ అనే నోళ్లకు ల, న లు మారడం మామూలే.

మరి అసలు మూలం ఏమిటి? దక్షిణాన్ని చెప్పే ‘తెన్’ అన్న ద్రావిడ ధాతువని గంటి జోగి సోమయాజి వంటి పండితులు ప్రతిపాదించారు. అందరూ ఒప్పుకున్నది కాదు గానీ, పరీక్షకు నిలబడగల ఊహ అది. సంగం నాటి తమిళులు మనల్ని వడుగర్, అంటే ఉత్తరాది వాళ్లు అన్నారు. దిక్కును బట్టి జాతికి పేరు పెట్టడం ఈ ప్రాంతంలో ఉన్నదేనని దీంతో తేలుతోంది.

త్రిలింగ కథను పుస్తకాల్లోంచి తీసేయమనడం లేదు. భాష పుట్టుక పాఠంలోంచి తీసి కాకతీయుల పాఠంలో పెట్టండి. ఓరుగల్లు కొలువు తెలుగు నేలనంతా ఒక రాజ్యంగా ఎలా ఊహించుకుందో చెప్పడానికి అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. తెలుగు అన్న పేరుకు మాత్రం గుళ్ల సిఫారసు అవసరం లేదు.