తాతగారి రేడియో: ప్లగ్గు పెట్టకముందు



పాత ఇల్లు విప్పేటప్పుడో, అన్నదమ్ములు సామాను పంచుకునేటప్పుడో అటక మీది నుండి ఒక వాల్వు రేడియో కిందికి దిగుతుంది. మర్ఫీయో, ఫిలిప్సో, బుష్షో. పిల్లలు చుట్టూ మూగుతారు. ఎవరో ఒకరు గుడ్డతో దుమ్ము దులిపి, "పలుకుతుందేమో చూద్దాం" అంటూ ప్లగ్గు పెడతారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఈ నెల ఈ పేజీ రాయడం ముఖ్యంగా ఆ ఒక్క మాట చెప్పడానికే.

వాల్వు రేడియో లోపల 250 వోల్టుల వరకు డి.సి. కరెంటు ఉంటుంది. దాన్ని నిలకడగా ఉంచే ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు ఏళ్ల తరబడి వాడకపోతే లోపల చెడిపోతాయి. వాటికి ఒక్కసారిగా పూర్తి కరెంటు తగిలితే షార్టయి, రెక్టిఫయరు వాల్వునూ, ట్రాన్స్‌ఫార్మరునూ వెంట తీసుకుపోతాయి. వాల్వు ఎక్కడైనా సంపాదించవచ్చు. ఆ సెట్టుకు సరిపడే ట్రాన్స్‌ఫార్మరు చుట్టేవారిని వెదికి పట్టుకోవడమే కష్టం.

మొదట మీ చేతిలో ఉన్నది ఏ రకం సెట్టో తెలుసుకోవాలి. వెనుక అట్ట లోపలి వైపు సాధారణంగా వాల్వుల పేర్లు అచ్చువేసి ఉంటాయి. లేకపోతే వాల్వు గాజు మీదనే సన్నటి అక్షరాలుంటాయి. గట్టిగా తుడవకండి, చెరిగిపోతాయి. ఇ.సి.హెచ్.81, ఇ.ఎల్.84 అని 'ఇ'తో మొదలైతే అది మామూలుగా ట్రాన్స్‌ఫార్మరు ఉన్న కరెంటు సెట్టు. యు.సి.హెచ్.81 వంటి 'యు' అక్షరం కనిపిస్తే చాలా జాగ్రత్తగా ఉండాలి. అది ఎ.సి./డి.సి. సెట్టు. అటువంటి వాటిలో ఇనుప ఛాసిస్ నేరుగా కరెంటు తీగకే కలిసి ఉంటుంది. ఊడిపోయిన నాబ్ దగ్గర మేకులాంటి ఇనుప కడ్డీని పిల్లవాడు వేలితో తిప్పినా ప్రాణం మీదికి వస్తుంది. నాబ్‌లు, వెనుక అట్ట లేకుండా అలాంటి సెట్టుకు కరెంటు ఇవ్వనే కూడదు.

ఇక 'డి'తో మొదలయ్యేవి, డి.కె.96 వంటివి, బ్యాటరీ వాల్వులు. మన డెల్టా పల్లెల్లో కరెంటు స్తంభాలు రాకముందు వచ్చిన సెట్లు చాలావరకు ఈ రకమే. 90 వోల్టుల పెద్ద బ్యాటరీ ఒకటి, ఫిలమెంట్లకు ఒకటిన్నర వోల్టులది మరొకటి పెట్టి వినేవారు. దీన్ని గోడ ప్లగ్గుకు కలిపితే వాల్వులన్నీ ఒక్క క్షణంలో పోతాయి. అంకెతో మొదలయ్యే అమెరికా పేర్లు కనిపిస్తే ఈ లెక్క పనిచేయదు, మెకానిక్కునే అడగండి.

మీరు స్వయంగా చేయదగిన పని శుభ్రం చేయడం. మెత్తని పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి. డయలు గాజు లోపలి అక్షరాలకు నీళ్లు తగలనీయకండి. బందరు వైపు సముద్రపు గాలికి ఛాసిస్ తుప్పు పడుతుంది, చెక్క పెట్టెకు చెద పడుతుంది, ఎలుకలు తీగలు కొరుకుతాయి. ఇవన్నీ టార్చిలైటు వేసి చూసి ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే మెకానిక్కుకు సగం పని తప్పుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చినట్లు ఎప్పుడైనా మీ సెట్టులోకీ నీళ్లు చేరి ఉంటే, పైకి ఎండినట్లు కనిపించినా నమ్మవద్దు. ట్రాన్స్‌ఫార్మరు చుట్ల మధ్య తేమ నిలిచి ఉంటుంది. మెగ్గరుతో పరీక్ష చేయించిన తరువాతే కరెంటు ఇవ్వాలి.

మిగిలినది వాల్వుల పని తెలిసిన పెద్ద మెకానిక్కుది. స్విచ్చి ఆపిన తరువాత కూడా కండెన్సర్లలో షాకు కొట్టేటంత కరెంటు నిలిచి ఉండవచ్చు గనుక మీరు లోపల చేయి పెట్టవద్దు. ఆయన మొదట మైనం పూసిన పాత పేపరు కండెన్సర్లను మార్చాలి. ముఖ్యంగా అవుట్‌పుట్ వాల్వుకు వెళ్లే కండెన్సరు. అది లీకైతే ఆ వాల్వు కాలిపోతుంది. ఆ తరువాత 60 వాట్ల ఫిలమెంటు బల్బును సిరీస్‌లో పెట్టి కరెంటు ఇస్తాడు. ఎల్.ఇ.డి. బల్బు ఇందుకు పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచి గుర్తు. నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టున్నట్టే, వెంటనే ఆపాలి.

ఈ మధ్య కొందరు లోపలి సామానంతా పీకి పారేసి, ఆ పెట్టెలో బ్లూటూత్ స్పీకరు బిగించి ఇస్తున్నారు. చూడ ముచ్చటగానే ఉంటుంది, కాని అది మీ తాతగారి రేడియో కాదు. బాగుచేయించే స్తోమత ఇప్పుడు లేకపోతే అలాగే మూతవేసి ఉంచండి. వాల్వులు మాత్రం పారేయవద్దు. బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారు వీటి తయారీ మానేసి చాలా కాలమైంది.

సెట్టు పలికే స్థితికి వచ్చాక ఏరియలు కావాలి. వెనుకటి ఇళ్లలో ఈ గోడ నుండి ఆ గోడకు కట్టిన రాగి జాలీ గుర్తుందా? అది లేకపోతే పది గజాల తీగ చాలు. ఉరుములు మొదలుకాగానే దాన్ని ఊడదీయాలి. పాత డయళ్ల మీద మీటర్లే ఉంటాయి గనుక 3,00,000ను కిలోహెర్ట్జ్ సంఖ్యతో భాగించండి. మన విజయవాడ కేంద్రానిదిగా మనం ఎరిగిన 837 కిలోహెర్ట్జ్, 358 మీటర్ల దగ్గర పడుతుంది. ఆ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అంతకుముందు మనవారికి 1938లో మొదలైన మద్రాసు కేంద్రమే దిక్కు. షార్ట్ వేవులో సీషెల్స్ దీవుల నుండి ఫీబా తెలుగు కార్యక్రమాలు విన్న పెద్దలు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. ఆ దీవుల్లోని ట్రాన్స్‌మిటరు 2003లో మూతపడింది, అక్కడ ముల్లు తిప్పి ప్రయోజనం లేదు.

స్టేషను అందినా బరబరమని శబ్దం వస్తే రేడియోను తప్పుపట్టకండి. ఇంట్లో ఎల్.ఇ.డి. లైట్లు, సెల్‌ఫోను ఛార్జర్లు, ఇన్వర్టరు ఒక్కొక్కటే ఆపి చూడండి. దొంగ దొరుకుతాడు.

అటక మీద రేడియో పక్కనే పోస్టాఫీసు ముద్రలున్న చిన్న లైసెన్సు పుస్తకం కూడా దొరకవచ్చు. ఆ రోజుల్లో ఏటేటా రుసుము కట్టనిదే రేడియో వినకూడదు. దాన్ని చిత్తుకాగితాల్లో కలపకండి. మీ ఇంటికి ఆ సెట్టు ఏ సంవత్సరం వచ్చిందో చెప్పే కాగితం బహుశా అదొక్కటే.