పోడు కొలతలో పరికరమే కీలకం

భద్రాచలం: ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల సరిహద్దు అడవుల్లో పోడు హద్దు తేల్చేది సర్వేయర్ చేతిలోని పరికరమే. అటవీ హక్కుల చట్టం-2006 ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే, గరిష్ఠంగా నాలుగు హెక్టార్ల వరకు హక్కు దక్కుతుంది. సాగు విస్తీర్ణం తప్పితే పట్టాలోనూ తప్పే మిగులుతుంది.

సాధారణ జీపీఎస్ పరికరం ఆరుబయట మూడు నుంచి ఐదు మీటర్ల తేడా చూపుతుంది. దట్టమైన చెట్ల కింద ఇది మరింత పెరుగుతుంది. చతురస్రాకారపు ఎకరం చేనుకు నాలుగు వైపులా హద్దు ఐదేసి మీటర్లు లోపలికి జరిగితే, 40 గుంటల్లో 11 గుంటలకు పైగా లెక్కలోంచి జారిపోతుంది. చిన్న రైతుకు అది ఒక పంట తిండి.

సెంటీమీటర్ల కచ్చితత్వమిచ్చే రోవర్లు ఉన్నా వాటి ధర ఎక్కువ. పైగా దిద్దుబాటు సంకేతం నిరంతరం అందాలి. సెల్ సిగ్నల్ లేని గూడేల్లో సొంత బేస్ స్టేషన్ నిలపక తప్పదు.

కొనుగోలుకు ముందు చూడవలసినవి:

* జీపీఎస్‌తో పాటు గ్లోనాస్, నావిక్ ఉపగ్రహాలను, రెండు పౌనఃపున్యాలను అందుకోవాలి.
* వాన, దుమ్ము తట్టుకునే ఐపీ 67 ప్రమాణం ఉండాలి.
* నెట్‌వర్క్ లేకున్నా వివరాలు భద్రపరచాలి.
* బ్యాటరీ అడవిలోనే మార్చుకునే వీలుండాలి.
* ఎండలో తెర కనిపించాలి.

అన్నింటికీ మించి, కొలతలు తెలిసిన చేనుపై, చెట్ల నీడనే పరీక్షించాకే కొనాలి. అనుమానమున్న చోట గొలుసుతో మళ్లీ కొలిచి, రైతు, గ్రామసభ సమక్షంలో విస్తీర్ణం చదివి వినిపిస్తేనే వివాదాలు తగ్గుతాయి.